రోకలి తలకు చుట్టేది ఎవరు?

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. తెలుగువారు నవ్వుతూ వాడే సామెత ఇది. ఇందులో ఉన్న తీర్పు మాత్రం నవ్వులాట కాదు. ఒకసారి పిచ్చివాడన్న ముద్ర పడినవాడు తనకు నయమైందని చెప్పుకుంటే, ఆ చెప్పుకోవడమే నయం కాలేదనడానికి రుజువు. సాక్షి నోరు విప్పకముందే అతని వాంగ్మూలాన్ని చెత్తబుట్టలో వేసే న్యాయం ఇది. మానసిక ఆరోగ్యం పేరుతో ఈ దేశం చేసుకున్న చట్టాలూ, వేసుకున్న బోర్డులూ, పంచుకున్న నిధులూ చాలావరకు ఈ సామెత నీడలోనే నడుస్తున్నాయి.

ఎర్రగడ్డ హైదరాబాద్‌లో ఒక పేట. అక్కడ రైతు బజారు ఉంది, మెట్రో స్టేషన్ ఉంది. అయినా తెలుగు సినిమా హాస్యంలోనూ, మైకుల ముందు నాయకుల నోటా ఆ పేరుకు ఒక్కటే అర్థం. ఉత్తరాదిలో ఆగ్రా, రాంచీలకు పట్టిన గతీ అదే. ప్రత్యర్థిని ఆ ఊళ్లకు పంపాలనడం మన రాజకీయ భాషలో తిట్టుగా కూడా లెక్కకు రాదు, అది చమత్కారం! అలాంటి చోటు నుంచి బయటికి వచ్చిన మనిషి, తనలాంటి మరో పదిమంది కోసం ఒక కేంద్రాన్ని తానే నడుపుతానని ముందుకొస్తే ఏమవుతుంది? అందరూ మెచ్చుకుంటారు. ఆపైన ఒక మానసిక వైద్యుణ్ణి అధ్యక్షుడిగా, ఒక విశ్రాంత అధికారిని కార్యదర్శిగా, ఒక దాతను కోశాధికారిగా కూర్చోబెడతారు. ప్రారంభోత్సవం రోజున ఆ మనిషి చేత జ్యోతి వెలిగింపజేస్తారు.

ఈ దేశంలో మానసిక వ్యాధిని అనుభవించినవారి పట్ల సానుభూతికి పెద్దగా కొరత లేదు. తాళంచెవి, చెక్కుబుక్కు, నియామకపు సంతకం వారి చేతికివ్వడానికే ఎవరికీ చేయి రావడం లేదు. పీర్ సపోర్ట్ అనే మాట ఇప్పుడు మంత్రిత్వ శాఖల పత్రాల్లో, సంస్థల నివేదికల్లో ధారాళంగా వినిపిస్తోంది. తోటివారి తోడు అని దానికి అర్థం. తోటివారి పెత్తనం అని ఎవరూ అనువదించరు.

రెంటికీ చాలా తేడా ఉంది. ఆస్పత్రి వార్డులో కొత్తగా చేరిన రోగి పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి పాత రోగిని నియమిస్తే అది తోడు. మంచిదే. ఆ వార్డులో రాత్రి ఎన్నింటికి దీపాలు ఆర్పాలో, ఎవరిని గదిలో పెట్టి గడియ వేయకూడదో, సిబ్బందిలో ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో నిర్ణయించేది కూడా ఆ పాత రోగులే అయితే అది నాయకత్వం. ప్రపంచంలో ఇలాంటివి ఊహాలోకంలో లేవు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆఫియా హౌస్ అనే ఇల్లు ఉంది. తీవ్రమైన మానసిక సంక్షోభంలో ఉన్నవారు ఆస్పత్రికి బదులు కొన్ని రోజులు అక్కడ ఉండవచ్చు. ఆ ఇంటిని నడిపేవారందరూ స్వయంగా అలాంటి రోజులు చూసి వచ్చినవారే. న్యూజిలాండ్‌లో దక్షిణ ఆక్లాండ్‌లోని టుపు ఆకె కూడా అలాంటిదే. కెన్యా రాజధాని నైరోబీలో మానసిక ఆరోగ్య సేవలు వాడుకున్నవారి సంఘమే తోటివారి బృందాలను నడుపుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జూన్‌లో సామాజిక మానసిక ఆరోగ్య సేవలపై మార్గదర్శకాలు ప్రచురించి, ఆదర్శంగా తీసుకోదగిన సేవలను పలు దేశాల నుంచి ఎంచి చూపింది. వాటిలో భారతదేశానివి నాలుగు. గుజరాత్‌లో ఊరివారే ఊరివారికి ఆసరాగా నిలిచే ఆత్మీయత, కేరళలోని హోమ్ ఫోకస్, కోల్‌కతా వీధుల్లో నిరాశ్రయులైన రోగుల కోసం పనిచేసే నయా దౌర్, ఏళ్ల తరబడి ఆశ్రమాల్లో మగ్గినవారికి మామూలు వీధిలో మామూలు ఇల్లు చూపిన చెన్నై సంస్థ బాన్యన్ వారి హోమ్ ఎగైన్. గర్వించదగిన జాబితా. అయితే అదే గ్రంథంలో తోటివారి మద్దతు సేవలకు విడిగా ఒక అధ్యాయం ఉంది. అందులో గొంతులు వినిపించేవారి బృందాలు ఉన్నాయి, నైరోబీ ఉంది, కెనడాలోని ఆంటారియో ఉంది. భారత్ లేదు. నిపుణులు సహృదయంతో నడిపే సేవల్లో నాలుగు పేర్లు సంపాదించిన దేశానికి, అనుభవించినవారు నడిపే సేవల్లో ఒక్క పేరూ దక్కకపోవడాన్ని కాకతాళీయం అనుకోవడం కష్టం.

మనవాళ్లలో అలాంటి మనుషులు లేరా అంటే, ఉన్నారు. తల్లి మానసిక చికిత్సాలయాల్లో పడిన బాధను చిన్ననాడే కళ్లారా చూసి, తానూ ఆ వ్యవస్థ బాధితురాలినేనని బాహాటంగా చెప్పుకున్న భార్గవి దావర్ 1999లో పుణెలో బాపు ట్రస్టు స్థాపించారు. ఆ పేరు ఆమె తల్లిదే. పుణె బస్తీల్లో సెహెర్ అనే కార్యక్రమాన్ని నడిపి, ఆసియా దేశాల్లోని తోటివారిని ఒక వేదిక మీదికి తెచ్చి, 2024లో కన్నుమూశారు. అదే పుణెలో స్కిజోఫ్రీనియాతో జీవిస్తూ ఆ జీవితాన్ని పుస్తకంగా రాసిన రేష్మా వల్లియప్పన్ ఉన్నారు. నేపాల్‌లో స్వయంగా మానసిక వ్యాధిని అనుభవించిన మాతృకా దేవకోటా కోశిశ్ అనే సంస్థను నిలబెట్టి, ఆ దేశ విధానాల చర్చలో తోటివారి గొంతు వినిపించేలా చేశారు. పక్కనున్న చిన్న దేశానికి చేతనైంది. ఇక్కడ ఒక్కొక్కరూ ఒంటరి దీపంగా వెలిగి ఆరిపోవడమే తప్ప, ఒకరి నుంచి మరొకరికి దీపం అందే ఏర్పాటు లేదు.

ఆ ఏర్పాటు ఎందుకు లేదో చట్టాన్ని తెరిస్తే తెలుస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొప్ప చట్టమని పేరు. కొంతవరకు ఆ పేరుకు తగినదే. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని నేరస్థులుగా చూడరాదంది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. సమాజంలో కలిసి జీవించే హక్కు ఇచ్చింది. తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే వీలు కల్పించింది. వైద్యం అందుతున్న తీరుపై ఫిర్యాదులు వినడానికి, ఆస్పత్రిలో చేర్చడం సబబో కాదో తేల్చడానికి జిల్లాల్లో సమీక్షా బోర్డులు ఉండాలని చెప్పింది. ఆ బోర్డులో ఆరుగురు. అధ్యక్ష స్థానంలో జిల్లా న్యాయమూర్తి స్థాయి వ్యక్తి. కలెక్టరు ప్రతినిధి ఒకరు. మానసిక వైద్యుడొకరు, మరో వైద్యుడొకరు. మిగిలిన ఇద్దరు ఎవరు? మానసిక వ్యాధి ఉన్నవారు, లేదా సంరక్షకులు, లేదా వారి సంఘాల ప్రతినిధులు, లేదా ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలవారు.

ఆ 'లేదా'ను గమనించాలి. న్యాయమూర్తి లేదా న్యాయవాది సంఘం ప్రతినిధి అని చట్టం అనలేదు. వైద్యుడు లేదా మందుల షాపు యజమాని అని అనలేదు. వారి కుర్చీలు వారివే. పంచుకోవలసిన కుర్చీ, సర్దుకోవలసిన కుర్చీ రోగిది మాత్రమే. రెండక్షరాల ఆ మాట వల్ల, మానసిక వ్యాధిని అనుభవించినవారు ఒక్కరూ లేకుండానే బోర్డు పూర్తిగా, చట్టబద్ధంగా ఏర్పడగలదు. ఇంతకన్నా విడ్డూరం కోరం సంగతి. ముగ్గురుంటే సమావేశం చెల్లుతుంది. న్యాయమూర్తి, కలెక్టరు ప్రతినిధి, డాక్టరు కూర్చుంటే చాలు, ఒక మనిషి స్వేచ్ఛ మీద నిర్ణయం తీసుకోవచ్చు. ఆ నిర్ణయం ఎవరి గురించో వారి తోటివారు గది బయట ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు.

సంరక్షకులను ఆ కుర్చీలో కూర్చోబెడితే తప్పేమిటని అడిగేవారున్నారు. కుటుంబాలు మోసే బరువును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. రాత్రులు మేల్కొనేది, మందులు కొనేది, ఇరుగుపొరుగు మాటలు పడేది వాళ్లే. ఆ బరువుకు ప్రభుత్వం ఇచ్చే ప్రతిఫలం శూన్యం. కానీ బోర్డు ముందుకొచ్చే వివాదం ఏమిటో చూడాలి. రోగి ఇష్టం లేకుండా ఆస్పత్రిలో చేర్చాలంటే నామినీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నామినీ చాలాసార్లు కుటుంబ సభ్యుడే. దాని మీద రోగి అప్పీలు చేసుకునే చోటు ఈ బోర్డు. కౌలుదారు ఫిర్యాదు వినే సభలో కౌలుదారు ప్రతినిధి కుర్చీని భూస్వాముల సంఘానికి ఇచ్చి, ఇద్దరూ ఒకే పొలం మీద బతికేవారే కదా అంటే ఎలా ఉంటుంది? భూస్వామి మంచివాడే కావచ్చు. కుర్చీ మాత్రం అతనిది కాదు. సంరక్షకులకు విడిగా ఒక స్థానం ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. రోగి స్థానంలో నుంచి తీసి కాదు.

భారతదేశం 2007 అక్టోబరులో వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించింది. ఆ ఒడంబడిక వెనుక ఉద్యమానికి ప్రాణం లాంటి నినాదం ఒకటే. మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు. ఢిల్లీ సంతకం చేసింది ఆ నినాదం కింద. పదేళ్ల తర్వాత చట్టం రాసేటప్పుడు ఆ నినాదానికీ ఒక 'లేదా' తగిలించింది.

చట్టం అందించిన చేయిని మరో చట్టం వెనక్కి లాగడం ఇంకో కథ. ఇదే 2017 చట్టం మూడో సెక్షన్‌లో, ఒక వ్యక్తికి మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన అతణ్ణి మతిస్థిమితం లేనివాడిగా పరిగణించరాదని, సమర్థ న్యాయస్థానం అలా ప్రకటిస్తే తప్ప ఆ ముద్ర చెల్లదని స్పష్టంగా ఉంది. నాలుగో సెక్షన్ నిర్ణయాలు తీసుకునే సామర్థ్యం అందరికీ ఉన్నట్టే భావించాలంది. బాగుంది. తోటివారి కేంద్రం ఒకటి నడపాలంటే ఏదో ఒక చట్టం కింద నమోదు చేసుకోవాలి కదా. లాభాపేక్ష లేని కంపెనీగా నమోదు చేయబోతే, 2013 కంపెనీల చట్టం 164వ సెక్షన్‌లో డైరెక్టరు అనర్హతల్లో మొట్టమొదటిది మతిస్థిమితం లేనట్టు కోర్టు ప్రకటించడం. పార్లమెంటు సభ్యుడి అనర్హతల్లోనూ ఇది ఉంది, రాజ్యాంగం 102వ అధికరణంలో. కోర్టు ప్రకటన కావాలి కాబట్టి భయం లేదని న్యాయవాదులు సర్దిచెబుతారు. సొసైటీల నియమావళుల్లో అయితే ఆ జాగ్రత్త కూడా తరచూ కనిపించదు. మరణం, రాజీనామా, దివాలా, ఉన్మాదం వల్ల సభ్యత్వం పోతుందనే వాక్యం ఒకరి నుంచి మరొకరు నకలు చేసుకుంటూ పోతున్న నమూనాల్లో అలాగే ఉండిపోయింది. దాన్ని అడ్డం పెట్టుకుని కార్యవర్గంలో నచ్చనివారిని సాగనంపడం ఎంత పని? ఈ కేంద్రం నడపడానికి ఏ అనుభవం అర్హతో, అదే అనుభవం ఆ కేంద్రం నుంచి గెంటివేయడానికి కారణం కూడా అవుతుంది.

ఇల్లు పెట్టడం ఇంకా కష్టం. మానసిక వ్యాధి ఉన్నవారు తాత్కాలికంగానైనా ఉండి సంరక్షణ పొందే ఏ చోటైనా చట్టం దృష్టిలో మానసిక ఆరోగ్య సంస్థే. రక్తసంబంధీకులతోనో స్నేహితులతోనో ఉండే కుటుంబ నివాసానికి మాత్రమే మినహాయింపు. కాబట్టి నలుగురు అనుభవజ్ఞులు ఒక మూడు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, రాత్రి నిద్రపట్టక ప్రాణం తీసుకోవాలనిపించిన మనిషికి వారంపాటు పడక, టీ, మాట ఇస్తామంటే, ఆ ఇల్లూ రిజిస్టరు కావాలి, కనీస ప్రమాణాలు చూపాలి, తనిఖీలకు నిలబడాలి. తనిఖీలు వద్దనడం లేదు. ఎర్వాడిని మరచిపోయినవారే అలా అనగలరు. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ ఊళ్లో, గొలుసులకు కట్టి ఉంచిన రోగులు మంటల్లో కదలలేక 28 మంది చనిపోయారు. తనిఖీ లేని చోట ఏమవుతుందో అక్కడ తేలింది. కానీ గొలుసులు వేసిన ఆశ్రమానికీ, తలుపు తాళం వేయకూడదన్నదే మొదటి నియమంగా పెట్టుకునే ఇంటికీ ఒకే దరఖాస్తు ఫారం ఇవ్వడం తనిఖీ అనిపించుకోదు. చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వం ఏర్పాటు చేయవలసిన సేవలను వరసపెట్టి చెప్పింది. సగం దారి ఇళ్లున్నాయి, ఆశ్రయాలున్నాయి, ఇంటివద్ద పునరావాసం ఉంది. తోటివారు నడిపే కేంద్రం అన్న మాట ఆ వరసలో లేదు. జాబితాలో లేనిదానికి బడ్జెట్ పద్దు ఉండదు.

పద్దుల సంగతికి వస్తే, 2024–25 కేంద్ర బడ్జెట్‌లో బెంగళూరు నిమ్హాన్స్‌కు 850 కోట్లు, దేశమంతటికీ టెలిఫోను సలహాలిచ్చే టెలిమానస్‌కు 90 కోట్లు కేటాయించారు. నిమ్హాన్స్‌కు డబ్బు ఇవ్వడం తప్పనే మూర్ఖత్వం ఎవరికీ అక్కర్లేదు. కానీ అదే నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ఏం చెప్పింది? ఆయా వ్యాధులను బట్టి చికిత్స అందనివారు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని. 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఏం చెప్పింది? లక్ష జనాభాకు 0.75 మంది మానసిక వైద్యులున్నారని, ముగ్గురైనా ఉండాలని. లక్షమందికి ముప్పావు మనిషి! ఆ ముప్పావు మనిషి నాలుగు నిమిషాల్లో చీటీ రాసి పంపక తప్పదు. అతని తప్పు కాదది.

ఆ నాలుగు నిమిషాల తర్వాత మొదలయ్యే జీవితం మాటేమిటి? మందు పేరు డాక్టరుకు తెలుసు. ఆ మందు వేసుకున్న మర్నాడు నాలుక మొద్దుబారి ఆఫీసులో మాట తడబడితే పక్కవాడి చూపు ఎలా ఉంటుందో తెలిసినవాడు వేరే. మూడేళ్ల ఖాళీ ఎందుకొచ్చిందని ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి? చెల్లెలి పెళ్లిచూపుల రోజున మాత్రల అట్టలు ఎక్కడ దాచాలి? దాచాలా, అసలు? వైకల్య ధ్రువపత్రం కోసం మెడికల్ బోర్డు ముందు నిలబడితే, ఆరోజు కాస్త బాగా తల దువ్వుకుని వెళ్లినందుకు శాతం తగ్గించి రాస్తే ఎవరికి చెప్పుకోవాలి? జబ్బు తిరగబెట్టే ముందు వచ్చే ఆ మూడు రోజుల సంకేతాలు, నిద్ర తగ్గడం, ఖర్చు పెరగడం, అందరిమీదా విపరీతమైన ప్రేమ పుట్టుకురావడం, వీటిని పట్టుకోవడం ఏ పాఠ్యపుస్తకంలో నేర్చుకోవాలి? తనదాకా వస్తేగానీ తత్వం బోధపడదని అన్నవాళ్లూ తెలుగువాళ్లే. ఆ తత్వం బోధపడినవారిని నెలకు రెండుసార్లు పిలిచి కథ చెప్పించుకుని, చప్పట్లు కొట్టి, దారి ఖర్చులిచ్చి పంపుతున్నారు.

దారి ఖర్చులు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. వైద్యులు చాలరు, డబ్బు చాలదు కాబట్టి తోటివారిని రంగంలోకి దించుదామనే ఆలోచన విధానకర్తలకు ఇప్పుడు బాగా నచ్చుతోంది. దేశంలో దాదాపు పది లక్షల మంది ఆశా కార్యకర్తల అనుభవం కళ్లముందుంది. ప్రజారోగ్య వ్యవస్థ వారి భుజాల మీద నడుస్తుంది. వారిని ఉద్యోగులు అనరు, స్వచ్ఛంద కార్యకర్తలంటారు. జీతం అనరు, ప్రోత్సాహకం అంటారు. రేపు 'పీర్ వాలంటీర్' కూడా ఆ వరసలో చివర నిలబడబోతోంది. ఆమె చేతికి రిజిస్టరిస్తారు, యాప్ ఇస్తారు, లక్ష్యాలిస్తారు. అధికారం ఇవ్వరు. ఆమె బాధనుభవాన్ని చవక కూలీగా మార్చుకోవడానికి ఆమె గౌరవం గురించిన ఉపన్యాసాలు బాగా పనికొస్తాయి.

ప్రభుత్వం ఇవ్వకపోతే ప్రైవేటు దాతలున్నారు కదా అనడమూ తేలికే. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించి, పెద్ద సంస్థలు తమకొచ్చిన విదేశీ నిధుల నుంచి చిన్న సంఘాలకు వాటా ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించారు. సొంతంగా రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్లుగా నడుస్తూ, 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి చూపాలి. రెండు గదుల్లో నడిచే తోటివారి బృందానికి 15 లక్షలు ఎక్కడివి? దేశ భద్రత పేరుతో చేసిన సవరణ మొదట తెంచింది ఇలాంటి సన్నని దారాలనే. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకూ నమోదు పత్రాలు, గత చరిత్ర అడుగుతారు. పుట్టనివ్వకుండా పుట్టుక ధ్రువపత్రం అడగడం మన పరిపాలనకు కొత్త కాదు.

వ్యతిరేక వాదనలకు జవాబు చెప్పకుండా దాటిపోవడం ఉచితం కాదు. నడిపే మనిషికే జబ్బు తిరగబెడితే ఎలా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. ఒక మంత్రికి గుండె ఆపరేషన్ అయితే ఏం చేస్తారో అదే చేయాలి. శాఖను కొన్నాళ్లు మరొకరు చూస్తారు, ఆయన తిరిగొచ్చాక పూలగుత్తులతో స్వాగతం పలుకుతారు. అసలు ఏ సంస్థలోనైనా నాయకుడు పడిపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నది ఉందంటే, అది ఇలాంటి కేంద్రాల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. పడిపోవడం వారికి ఆకస్మికం కాదు, లెక్కలో ఉన్న విషయం.

పనితనం మాట. అనుభవం ఉన్నవారిని సిబ్బందిగా పెట్టిన సేవలపై 11 అధ్యయనాలను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2013లో వచ్చింది. నిపుణులు చేసిన పనికీ, వీరు చేసిన పనికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. మెరుగని చెప్పలేదు, తీసికట్టని కూడా చెప్పలేదు. మెరుగని చెప్పి ఊదరగొట్టేవారిని నమ్మనక్కర్లేదు. తీసికట్టు కాదన్న ఆ ఒక్క మాట చాలు, తలుపు మూసి ఉంచడానికి సాకు పోవడానికి. మందులూ, డాక్టరూ అక్కర్లేదని ఈ కేంద్రాల్లో కొందరు వాదిస్తారు. వారి గాయాలు చూస్తే ఆ వాదన ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. అయినా అది తప్పు. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని సిద్ధాంతం కోసం వైద్యానికి దూరం పెట్టే హక్కు వైద్యుడికి లేనట్టే తోటివారికీ లేదు.

ఇక ప్రమాదం అంటే ఎవరి చేతుల్లో? 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థల పరిస్థితి అమానుషమని తేల్చింది. నయమైనవారిని కూడా ఏళ్ల తరబడి లోపలే ఉంచుతున్నారంది. అంతకుముందు 2019లో హన్స్ ఫౌండేషన్ వెలువరించిన అధ్యయనం, రాష్ట్ర ఆస్పత్రుల్లో ఉన్నవారిలో 36 శాతానికి పైగా ఏడాదికి మించి అక్కడే ఉండిపోయినవారని లెక్క చెప్పింది. ఈ ఆస్పత్రులన్నీ అర్హతలున్నవారు నడిపినవే. అందువల్ల డాక్టర్లకు ఆస్పత్రులు నడపడం చేతకాదని ఎవరూ తీర్మానించలేదు. తోటివారి కేంద్రం ఒకటి విఫలమైతే మాత్రం ఆ తీర్మానం సిద్ధంగా ఉంటుంది.

వీటన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, అది బయటివారు అడిగేది కాదు. తోటివారు అంటే ఎవరికి తోటి? ఈ రంగంలో వేదికలెక్కి మాట్లాడుతున్న గొంతుల్లో ఎక్కువ భాగం నగరాలవి, ఇంగ్లిషువి, పై కులాలవి. కుంగుబాటుతో ఏడాది సెలవు పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ, పదేళ్లు రాష్ట్ర ఆస్పత్రి వార్డులో ఉండి ఇంటి చిరునామా పోగొట్టుకున్న దళిత స్త్రీ ఒకే అనుభవం ఉన్నవారని చెప్పడం అబద్ధం. దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో నాలుగో వంతుకు పైగా దినసరి కూలీలు. వారి అప్పును, వారి అవమానాన్ని పక్కన పెట్టి కేవలం వ్యాధి పేరుతో కూడిన సంఘం వారికి తోటి కాలేదు. నిపుణుల పెత్తనం పోయి మాట నేర్చినవారి పెత్తనం వస్తే, తాళంచెవి చేతులు మారిందే తప్ప తలుపు తెరుచుకోలేదు. దీనికి విరుగుడు తోటివారి నాయకత్వాన్ని ఆపడం కాదు, కేంద్రాన్ని కార్పొరేట్ టవర్ల పక్కన కాక వార్డు గేటు ఎదురుగా, అడ్డా కూలీల కూడలిలో పెట్టడం.

అధికారం అప్పగించడం అసాధ్యమనేవారు రెండు సంగతులు గుర్తుచేసుకోవాలి. కోల్‌కతా సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా ఆధ్వర్యంలో వైద్యులు మొదలుపెట్టిన హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని 1999లో సెక్స్ వర్కర్ల సంఘం దుర్బార్ తన చేతుల్లోకి తీసుకుంది. సమాజం ముఖం తిప్పుకున్న స్త్రీలు వైద్యులను నియమించే స్థితికి వచ్చారు. రెండోది తెలుగు నేలది. వెలుగు, ఇందిరా క్రాంతి పథం పొదుపు సంఘాల్లో అప్పు తీసుకుని, తీర్చి, గట్టెక్కిన పల్లె స్త్రీలు శిక్షకులై బిహార్, ఉత్తరప్రదేశ్ గ్రామాలకు వెళ్లి అక్కడి స్త్రీలకు సంఘం పెట్టడం నేర్పారు. వారికి భాష రాదు, డిగ్రీలు లేవు. పేదరికం నుంచి బయటపడిన అనుభవమే వారి అర్హత. పేదరికానికి వర్తించిన సూత్రం మనోవ్యాధికి ఎందుకు వర్తించదో ఆ పథకాల గొప్ప చెప్పుకునే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలే వివరించాలి.

పార్లమెంటు ఆ 'లేదా'ను 'మరియు'గా మార్చాలి. తోటివారు లేనిదే కోరం లేదని రాయాలి. తోటివారు నడిపే ఇళ్లకు వేరే నమోదు విభాగం, తోటివారు కూడా ఉండే తనిఖీ బృందం, వాలంటీరు భత్యం కాక జీతం, ఇవన్నీ కావాలి. సవరణలకు ఢిల్లీలో ఎంత కాలం పడుతుందో తెలిసిందే. అయితే ఒక పనికి ఏ సవరణా అక్కర్లేదు. బోర్డు సభ్యుల పదవీకాలం ఐదేళ్లు. చట్టం 2018లో అమల్లోకి వచ్చాక ఏర్పడిన తొలి బోర్డుల గడువు ఒక్కొక్కటిగా తీరిపోతోంది. ఆ రెండు కుర్చీల్లో ఇద్దరినీ మానసిక వ్యాధిని అనుభవించినవారినే, అందులో ఒకరిని రాష్ట్ర ఆస్పత్రి వార్డులో గడిపి వచ్చినవారిని నియమించడానికి ఇప్పుడున్న చట్టం అడ్డు చెప్పదు. ఆ 'లేదా'కు ఈ అర్థం కూడా ఉంది. అమరావతిలోనూ, హైదరాబాద్‌లోనూ ఆ నియామకపు ఫైళ్ల మీద సంతకం పెట్టేవారికి కావలసింది ఒక కలం.